కళ్ళ లెక్క

మా గోదారి ఊరి కాలేజీని ఉత్తరాది కబడ్డీ లీగులో చేర్చుకున్నారు. మా పిల్లల ఆట చూసి కాదు, ఊళ్ళో టీవీలు ఎక్కువని. కాలవ అవతలి కాలేజీతో తాతలనాటి పోటీ ఆ రోజుతో సరి. అక్కడ టీవీలు తక్కువట. ఇప్పుడు మాకు బద్ధశత్రువులు సిమ్లా వాళ్ళు. సిమ్లా ఎటుందో సగం ఊరికి తెలీదు.

ఎన్ని కళ్ళు తన వైపున్నాయో టీవీయే లెక్కేస్తుంది. తగ్గితే కాలేజీని లీగులోంచి గెంటేస్తారు. అందుకే ఆట వేళకి ఊరంతా ఇళ్ళల్లో టీవీల ముందే. మా ఇంటెదుటి మైదానంలో మా అమ్మాయి నాగవేణి ఆడుతుంటే చప్పట్లు మైకు కొడుతోంది.

తెర మీద నొప్పుల మందు ప్రకటన వస్తోంది. కిటికీలోంచి "అమ్మా!" అని మా పిల్ల కేక వినపడింది. లేచాను.

"కూచోవే! కాలేజీ పోద్ది," అన్నాడు మా ఆయన.

"పోతే పోనియ్యండి, దిక్కుమాలిన కాలేజీ!"

పరిగెత్తాను. పిల్ల మోకాలు పట్టుకుని మట్టిలో పొర్లుతోంది. ఒక్కరూ ముట్టుకోవడం లేదు. రిఫరీ నాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకొక్క ప్రకటనుందండీ. అదవగానే వచ్చి ఏడుద్దురుగాని, చూపిస్తారు."