పలకని ఫోన్లు

ఫోన్లో ఎవరో చిరునామా చెబుతున్నారు. తెర మీద మాత్రం సగం వీధి పేరు దగ్గర అక్షరాలు ఆగిపోయాయి.

"ఒక్క క్షణం ఉండండి" అంటోంది అంబులెన్స్ కాల్ సెంటర్లోని అమ్మాయి. అవతల మనిషికి గుండెనొప్పి. ఉండమంటే ఎలా ఉంటాడు?

కొన్నాళ్ళుగా ఇదే వరస. హాల్లోని కంప్యూటర్లన్నీ లోపలి గదిలో ఉన్న ఒకే సర్వరు మీద నడుస్తాయి. అది మొరాయిస్తే అందరూ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

ఏం చేస్తావో నాకు తెలీదు, ఇది మాత్రం ఆగకూడదని కొత్తగా చేరిన సిస్టమ్స్ ఇంజనీరుకు చెప్పాడు సూపర్‌వైజరు.

ఇంజనీరు దగ్గర ఒక చిన్న టూల్ ఉంది. సర్వరులో ఏ ప్రోగ్రామ్ ఎంత మెమరీ తింటోందో చూసి, అన్నిటికన్నా ఎక్కువ తినేదాన్ని పైన పెట్టి వరసగా చూపిస్తుంది. మొహమాటం లేని పరికరం. ఎందుకు తింటోందన్నది దానికి అక్కర్లేదు.

నడిపించి చూశాడు. పైనున్న ఒక్క ప్రోగ్రామే సగానికి పైగా మింగేస్తోంది. అది మూల టేబులుది.

ఆ టేబులు దగ్గర నడివయసు దాటిన ఒకావిడ కూర్చుంటుంది. అందరూ మూల మేడమ్ అంటారు. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంటుంది. అప్పుడప్పుడు మెల్లగా ఏదో గొణుగుతుంది. జీతం తీసుకుంటూ కునుకు తీస్తోందని హాల్లో వేళాకోళం.

ఏం వింటున్నారని ఇంజనీరు అడిగాడు. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చింది. పెట్టుకుంటే బుస్సుమని గాలి హోరు. అంతే.

"ఏమీ వినపడటం లేదు కదండీ."

"అందుకే వింటున్నాను బాబూ. ఈ చప్పుళ్ళన్నీ ఒకదాని పక్కన ఒకటి తెరిచి ఉంచాలి. మూసేస్తే పోల్చుకోలేను. కాస్త కూర్చుంటే చూపిస్తాను."

కూర్చునే తీరిక అతనికి లేదు. వెనక మళ్ళీ ఎవరో ఒక్క క్షణం ఉండండి అంటున్నారు.

ఆ టేబులు తాను రాకముందు నుంచీ ఉందన్నాడు సూపర్‌వైజరు. ఆపరేటర్లను అడిగితే, అవతలివాళ్ళు పలకనప్పుడు లైను ఖాళీ చేసుకోవడానికి ఒక మీట నొక్కి ఆ కాల్‌ని మూలకి తోసేస్తామన్నారు. తోశాక ఏమవుతుందో తమకు తెలీదన్నారు.

"చెత్తబుట్టకి ఇంత మెమరీ దేనికయ్యా? తీసెయ్" అన్నాడు సూపర్‌వైజరు.

తీసేశాడు.

తెరలన్నీ చకచకా కదిలాయి. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజరు ఇంజనీరు భుజం తట్టాడు. ఇకనుంచి పలకని కాల్ వస్తే కట్ చేసెయ్యమని అందరికీ చెప్పాడు.

మూల మేడమ్‌ని సామాన్ల స్టోరుకి మార్చారు. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. వెళ్ళేముందు ఇంజనీరు దగ్గర ఆగి, ఆ చప్పుళ్ళన్నీ చెరిపేశారా, ఎక్కడైనా దాచారా అని అడిగింది. చెరిపేశానన్నాడు. తల ఊపి వెళ్ళిపోయింది. అతనికి కాస్త చివుక్కుమంది. పని బాగా చేశానన్న తృప్తి ముందు అది ఎంతోసేపు నిలవలేదు.

నెల తిరక్కముందే, ఒక మధ్యాహ్నం అతను డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేసరికి భార్య వంటగది గుమ్మంలో పడి ఉంది. ఉబ్బసం మనిషి. చేతిలో ఫోను ఉంది.

తన సెంటరుకే ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తారు. చిరునామా ఎక్కడా ఆగకుండా రాసుకున్నారు. అంబులెన్స్ కూడా వెంటనే వచ్చింది. ఆలస్యమంతా అంతకుముందే జరిగిపోయింది.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె ఇక లేదని డాక్టరు చెప్పింది అర్థమైంది. ఏడుపు రాలేదు. ఎదుటి గోడకు సున్నం పెచ్చు ఊడి ఉంటే దాన్నే చూస్తున్నాడు. భార్య ఫోన్లో చివరి కాల్ తమ సెంటరుకే వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే కట్ అయింది. అది కళ్ళతో చూశాడు గానీ ఇంకా తలకెక్కలేదు.

అంబులెన్స్ డ్రైవరు వచ్చి పక్కన నిలబడ్డాడు. మెడలో కార్డు చూసి, మీరూ మన సెంటరువారేనా సార్ అన్నాడు.

అతను తల ఊపాడు.

"మూల మేడమ్ సెలవులో ఉన్నారా సార్? ఈమధ్య ఆవిడ గొంతే వినపడటం లేదు."

అతను మెడలోని కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మీ ఇల్లు నాకు తెలుసు సార్. నిరుడు కూడా అమ్మగారిని తీసుకొచ్చింది నేనే."

నిరుడు అతనికింకా ఈ ఉద్యోగం లేదు. అప్పుడు ఆయాసంలో ఫోన్ నొక్కినట్టు భార్యకు లీలగా గుర్తుండేది. మాట పెగల్లేదు కాబట్టి, పక్కింటివాళ్ళే పిలిచి ఉంటారని ఇద్దరూ అనుకున్నారు. వెళ్ళి థాంక్స్ కూడా చెప్పి వచ్చారు. పక్కింటివాళ్ళు కాదనలేదు.

"అప్పుడు చిరునామా ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు సార్. సెల్ టవరు ఏ పేటో అంతవరకే చూపిస్తుంది. అమ్మగారి ఊపిరి వెనక సామిల్లు రంపం చప్పుడు, పైన వదులైన రేకు టపటపలాడే చప్పుడు వినపడ్డాయట. ఆ రెండూ కలిసి వినపడే ఇల్లు ఏదో తను దాచుకున్న పాత చప్పుళ్ళతో పోల్చుకుంటూ, ఫోన్లోనే నన్ను మలుపు మలుపూ తిప్పి మీ గుమ్మం ముందు ఆపింది మూల మేడమే."