ఎర్ర గీత, పచ్చ గీత

మాసిన బట్టలు కొండలా పేరుకుపోయాయి. వాషింగ్ మెషీన్ వేయడానికి మా ఆయన అనుమతి కోసం నిలబడ్డాను.

ఆయన వెబ్‌సైట్లు తయారుచేస్తారు. మేడ మీద సోలార్ పలకలు పెట్టించాక, అవి ఎంత కరెంటు ఇస్తున్నాయో చూపించే పేజీ ఒకటి సొంతంగా చేసుకున్నారు. అందులో గీత పచ్చగా ఉంటేనే మా ఇంట్లో మిక్సీకైనా, ఇస్త్రీపెట్టెకైనా మోక్షం.

"ఇప్పుడొద్దు, ఎర్రగా ఉంది," అన్నారు ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"బయట ఎండ మండిపోతోంది కదండీ! నిన్న అంత వానలో పచ్చగా ఉందన్నారు."

"కిటికీలోంచి చూసి చెప్పేది కాదిది. లెక్క ఉంటుంది."

కరెంటు బిల్లు తగ్గలేదంటే మీటరుదే తప్పన్న మనిషితో ఏం వాదిస్తాం?

అంతలో బెల్ మోగింది. పలకలు బిగించిన మెకానిక్.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి సార్. మీటరు మార్చాకే కనెక్షనని ఆ రోజే చెప్పానుగా. కొత్తది ఇప్పటికొచ్చింది. ఇవాళ పలకలు ఆన్ చేసేద్దాం."

ఆ రోజు కూడా ఈయన ఫోన్ చూస్తూనే తలూపి ఉంటారు.

గబగబా ల్యాప్‌టాప్ తెరిచారు. పేజీ ఎలా ఉంటుందో చూసుకోవడానికి మొదట్లో తనే కల్పించి వేసిన అంకెలు అలాగే ఉన్నాయి. తీసేయడం మరిచిపోయారు. ఇన్నాళ్లూ మా ఇల్లు నడిచింది వాటి మీదే.

నేను బట్టలన్నీ మెషీన్‌లో కుక్కి స్విచ్ నొక్కాను.

"కాస్త ఆగవే, కనెక్షన్ ఇచ్చేస్తున్నాడుగా!"

"అందుకేనండీ ఈ తొందర. ఇచ్చేశాక మళ్లీ మీ గీతనడగాలి."