పుల్లకు జరిమానా

“ఏయ్, పుల్లల దొంగా! కింద పెట్టు!”

సుగణీ కేకకు ఖేజ్రీ చెట్టు మీది నెమళ్లు కూడా ఎగిరిపోయాయి.

కుంటుకుంటూ వస్తున్న పెద్దమనిషి ఆగాడు. ఎవరో పొరుగూరివాడు. చేతిలో ఎండుకొమ్మ ఉంది.

“కాలు బెణికింది చెల్లెమ్మా. ఊతకని తీసుకున్నా. కిందపడి ఉన్నదేగా!”

“పడినా అమ్మవారిదే. ఇది ఓరణ్, అమ్మవారికి వదిలిన వనం. ఇక్కణ్ణుంచి ఎండుపుల్ల కూడా పొలిమేర దాటదు. తాతల నాటి కట్టు.”

“నొప్పి చెల్లెమ్మా...”

“నొప్పి నీది, పుల్ల అమ్మవారిది. పెట్టు!”

సుగణీకి అసలే మనసు బాగాలేదు. రేపు జోధ్‌పూర్ నుంచి ఆఫీసరు వస్తాడు. ఈ ఓరణ్ అడవో, బీడో తేలుస్తాడు. బీడన్నాడంటే సోలార్ పలకలు పరిచేస్తారు. ఆమె మేకలు ఇక ఇసుక మేయాల్సిందే.

అందుకే ఊరంతా కలిసి జంతువుల అడుగుజాడల మీద తట్టలు బోర్లించారు. గాలికి చెరిగిపోతే ఆఫీసరుకు ఏం చూపిస్తారు? కాపలా సుగణీది.

“వీటి కింద ఏం పొదగేశావు?” అన్నాడతను, కొమ్మ కింద పెడుతూ.

సుగణీకి నవ్వాగలేదు. తట్టలెత్తి చూపించింది.

“ఇది గోడావణ్ పిట్టది. ఇది నక్కది. ఇది ఇసుక పిల్లిది. ఇదేమో మా మరిది గేమారామ్‌ది. తట్ట మిగిలిందని తన అడుగు మీద కూడా వేయించుకున్నాడు!”

అంతలో గేమారామ్ సజ్జల సంచితో రానే వచ్చాడు.

“జరిమానా వేశావా వదినా? పిట్టలకు సజ్జలు చల్లించాలి.”

పెద్దమనిషి గేమారామ్ దగ్గరే సజ్జలు కొని, గువ్వలకు దోసిళ్లతో చల్లాడు.

కుంటుతూ వెళ్తుంటే సుగణీకి జాలేసింది. మేకల్ని తోలే తన కర్ర చేతికిచ్చింది.

“ఇది మా ఇంటిదిలే, పట్టుకెళ్లు. మళ్లీ తెచ్చివ్వాలి సుమా!”

ఆ రాత్రి గాలిదుమారం రేగింది. తెల్లారేసరికి తట్టలు ఊరి మీద పడ్డాయి. ఇసుక మీద ఒక్క అడుగు లేదు.

“అయిపోయింది! చూసేవాడికి అచ్చం బీడే,” అని సుగణీ కూలబడింది.

జీపొచ్చింది. డ్రైవరొక్కడే దిగాడు. చేతిలో ఆమె కర్ర!

“మా సారు ఇచ్చి రమ్మన్నారు పిన్నీ.”

“ఏ సారు? ఆఫీసరేడీ?”

“ఇంక రారు. అడవేనని నిన్ననే తేల్చేశారు.”

“చూడకుండానా?”

“అన్నీ చూశారట. మీ మరిదిగారి అడుగుతో సహా.”

సుగణీ నోరు నొక్కుకుంది.

“నా నోరు పడిపోను! ఆయన్నా నేను దొంగన్నది? పాపం, కుంటివాడికి జరిమానా వేశానే!”

డ్రైవరు పడీ పడీ నవ్వాడు.

“ఆయనకు కుంటేమిటి పిన్నీ! ఏ ఊరి ఓరణ్‌కెళ్లినా అలాగే కుంటుతూ ఓ ఎండుపుల్ల ఎత్తుతారు. పోనీలే పాపం అనకుండా కింద పెట్టించింది ఇన్నాళ్లకు మీరే!”