సూర్యుడి నడినెత్తి

"ఏంటమ్మా ఇది? సూర్యుడి నడినెత్తిన ఈ నల్లమచ్చేంటి? పేపర్లవాళ్ళకి ఇచ్చే మొదటి ఫొటో ఇదే!" డైరెక్టర్ కంప్యూటర్ తెరకు ముక్కు ఆనించినంత పని చేశాడు.

"మచ్చ కాదు సార్, రంధ్రం," అంది ఫొటోల పని చూసే శాస్త్రవేత్త.

"మరీ ఘోరం. పూడ్చెయ్!"

ఆమెకు ఒళ్ళు మండింది. అంతరిక్షానికి ఎక్స్‌రే టెలిస్కోపు పంపింది పూడ్చడానికా?

"అక్కడ సూర్యుడి పై వాతావరణం, అదే కరోనా, పలచబడింది సార్. అందుకే ఎక్స్‌రేలో నల్లగా కనిపిస్తోంది. సౌర గాలి జోరుగా వీచేది అందులోంచే. పూడిస్తే అబద్ధమవుతుంది."

"అబద్ధమేంటి, సర్దుబాటు! పక్కన నిగనిగలాడుతోందిగా, అందులోంచి కాస్త లాగి పైన కప్పు. ఎవడికి తెలుస్తుంది?"

ఆమె చూపు తిన్నగా ఆయన నెత్తిమీదికి పోయింది. చెవి పక్కనుంచి లాగి బట్టతల మీద పరిచిన వెంట్రుకలవి. ఆఫీసంతా ఎరిగినదే, ఎవరూ నోరెత్తరు. చప్పున చూపు దించుకుంది గానీ, ఆయన చూడనే చూశాడు. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది.

"తెలిసిపోతుందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇట్టే తెలిసిపోతుంది సార్."

డైరెక్టర్ కాసేపు తెరమీది సూర్యుణ్ణే చూశాడు. తర్వాత అరచేత్తో ఆ వెంట్రుకల్ని మళ్ళీ చెవి వైపుకు నెట్టేశాడు.

"ఉన్నదున్నట్టే పంపించు. ఇద్దరికీ గాలాడనీ."