ఎదురు సీటు

“వద్దు కమలా. ముందుకు తిరిగి ఉన్నదే తీసుకుందాం,” అన్నాడు చెన్నకేశవులు.

“డాక్టరు చెప్పింది వెనక్కి తిరిగి ఉండేదండీ. మీరూ విన్నారు కదా!” అంది కమలాకుమారి.

మోతీబాగ్‌లో దుర్గాంబగారి ముందుగది అది. ఆవిడ భర్త స్వీడన్‌లోని మన రాయబార కార్యాలయంలో మూడేళ్ళు పనిచేసి, 1986 జనవరిలో ఢిల్లీకి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ తమ పిల్లలు వాడిన కారు సీట్లు రెండూ తెచ్చుకున్నారు. ఒకదాంట్లో బిడ్డ రోడ్డు కేసి తిరిగి కూర్చుంటుంది. రెండోదాంట్లో వీపు రోడ్డు వైపు, మొహం కారు వెనక వైపు. ఏది కావాలంటే అది ఊరికే పట్టుకెళ్ళమంది దుర్గాంబ.

కమల భుజం మీద కూతురు జానకి వాలిపోయి ఉంది. రెండున్నరేళ్ళొచ్చినా మెడ నిలవదు. కాళ్ళు రెండూ కర్రల్లా బిగుసుకుపోయి ఒకదానిమీదొకటి పడతాయి. వ్యాయామం చేయించడానికి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఒకరోజు సడన్ బ్రేకుకి తల విసురుగా ముందుకు వాలి నాలుక తెగింది. రెండు నెలలుగా వెళ్ళడం మానేశారు. చెన్నకేశవులు ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడో పాత ఫియట్ కారు సంపాదించింది ఇందుకే.

“నేను నెమ్మదిగా నడుపుతాను,” అన్నాడతను.

“మీరు నెమ్మదిగానే నడుపుతారన్నయ్యగారూ! ఎదురుగా వచ్చే డీటీసీ బస్సువాడు నడపొద్దూ?” అంది దుర్గాంబ. “బ్రేకు పడితే తల ముందుకు తూలుతుంది. ఇందులో అయితే వీపూ తలా సీటుకే ఆనుకుంటాయి. అక్కడ మామూలు పిల్లల్ని కూడా ఇలాగే కూర్చోబెడతారు.”

“మామూలు పిల్లల్ని ఎలా కూర్చోబెట్టినా ఫర్వాలేదండీ.” చెన్నకేశవులు గోడకేసి తిరిగాడు. “నడవదన్నారు, ఊరుకున్నాను. మాట రాదన్నారు, ఊరుకున్నాను. కనీసం కార్లోనైనా నలుగురు పిల్లల్లా ముందుకు తిరిగి కూర్చోవాలనుకోవడం కూడా తప్పేనా?”

దుర్గాంబ లేచి ముందుకు తిరిగే సీటుని సోఫా మీద పెట్టింది. “కూర్చోబెట్టి చూడండి,” అంది.

అతనే కూర్చోబెట్టాడు. పట్టీలు బిగించి చేతులు తీసేశాడు. జానకి తల గుండె మీదికి వాలిపోయింది. గడ్డం ఎత్తి పెట్టాడు. మళ్ళీ వాలింది. మూడోసారి ఊపిరందక పాప గురగురమంది. అతను గబుక్కున పట్టీలు లాగేశాడు.

రెండో సీటు బాగా వెనక్కి వాలి ఉంది. తలకి అటూ ఇటూ మెత్తలున్నాయి. కమల పాపని అందులోకి మార్చి, దాని మోకాళ్ళ కింద తువ్వాలు చుట్టచుట్టి పెట్టింది. కాళ్ళు కాస్త వదులయ్యాయి. తల కదల్లేదు. జానకి పెద్దగా నిట్టూర్చింది.

“ఠీక్ హై,” అన్నాడు చెన్నకేశవులు, ఎవరికేసీ చూడకుండా.

“ముందు సీటు మీద కట్టండి. నువ్వు వెనక కూర్చో కమలా, బిడ్డ నీకెదురుగా ఉంటుంది,” అని దుర్గాంబ లోపల్నుంచి నవారు తెచ్చిచ్చింది.

నవారు నాలుగు చుట్లు చుట్టి సీటు కదలకుండా కట్టేసరికి అయిదయింది. ఆసుపత్రి ఆరింటిదాకా ఉంటుంది. ఇంటికి వెళ్ళకుండా అటే బయల్దేరారు.

మొదటి సిగ్నల్ దగ్గరే పక్కన స్కూటరతను కిటికీలోకి వంగి, “భాయీసాబ్, సీట్ ఉల్టీ లగా దీ!” అని నవ్వాడు. తిరగేసి పెట్టావంటున్నాడు. చెన్నకేశవులు స్టీరింగు గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

కొంతదూరం పోయాక, “ఏం చేస్తోంది?” అని అడిగాడు.

“హాయిగా కూర్చుందండీ. తల ఇటూ అటూ పోవడం లేదు.”

కమల ముందుకు జరిగింది. ఎప్పుడూ భుజాన వేసుకోవడమే గానీ, బిడ్డ మొహం ఇలా తిన్నగా, ఇంతసేపు ఎదురుగా నిలవడం ఇదే మొదటిసారి. మెడ నిలవకే చూపు నిలవడం లేదనీ, తలకి ఆసరా దొరికితే తల్లికేసి చూస్తుందనీ డాక్టరు అన్నాడు.

“జానకీ! ఇటు చూడమ్మా, అమ్మని.”

గొంతు వినగానే పాప నవ్వింది.

“నవ్విందండీ!”

“నవ్విందా?” చెన్నకేశవులు అద్దంలోంచి భార్యకేసి చూశాడు. ఆమె మొహం వెలగడం చూసి చాలా రోజులైంది. “అయితే నువ్వు చెప్పిందే మంచిది. రోజూ తీసుకెళ్దాం. ఆఫీసులో పర్మిషన్ అడుగుతాను.”

రింగ్ రోడ్డెక్కి కారు తూర్పుకి తిరిగింది. సాయంత్రపు ఎండ వెనకద్దంలోంచి సూటిగా లోపలికి కొట్టింది.

“అయ్యో, ఎండంతా దాని మొహం మీదే పడుతోందండీ.”

“కొంగు అడ్డం పెట్టు మరి.”

కమల కొంగు ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మెల్లగా కొంగు దించింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించింది. వేళ్ళు పాప కళ్ళ ముందు ఇటూ అటూ ఆడించింది. జానకి ఇంకా నవ్వుతూనే ఉంది.

“ఏమైంది? నిద్రపోయిందా?”

కమల పాప మొహం మీదికి వంగింది.

“కమలా, నిన్నే! కళ్ళు మూసుకుందా?”

“లేదండీ. సూర్యుడికేసి తెరుచుకునే ఉన్నాయి, రెప్ప కూడా వెయ్యడం లేదు... కారాపండి, మన పిల్లకి కళ్ళు కనిపించవు.”