దోసెడు దుమ్ము

కోరుట్ల బస్టాండులో శంకరవ్వ దోసెడు దుమ్ము ఎత్తి ఆ ఆడమనిషి మొహాన కొట్టింది.

"నా బిడ్డ సంసారంల మన్ను వోస్తివి. నీ ఇంట్ల గిట్లనే మన్ను వడ."

దుమ్ము పడినామెకు నలభై దాటి ఉంటాయి. చామనఛాయ, బక్కపలచటి ఒళ్లు, చేతిలో గుడ్డసంచి. పక్కనే శంకరవ్వ అల్లుడు శ్రవణ్.

చెల్లెలి ఇంటికని వచ్చి బస్సు దిగిన శంకరవ్వకు ఎదురుగా కనబడింది ఈ ఇద్దరే. సిరిసిల్లలో సాంచాల మీద, ఆ మరమగ్గాల మీద, బట్ట నేసేవాడికి కోరుట్లలో ఏం పని?

ఆమె కళ్లు నలుపుకుంటూ అడిగింది. "నువ్వు రాధిక వాళ్ల అమ్మవా?"

"నా బిడ్డ పేరు ఎత్తినవంటే నాలుక కోస్త."

"అత్తా..." అని ఆగిపోయాడు శ్రవణ్.

ఆమె అతని వంక చూసింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని బస్టాండు బయటికి నడిచింది. ఆగి ఉన్న సిరిసిల్ల బస్సు హారన్ కొట్టి కదిలిపోయింది.

ఆ ఆదివారమే సిరిసిల్లలో కులసంఘం పంచాయితీ కూర్చుంది.

"ఏడాది సంది పెండ్లాం దిక్కు సూస్తలేవట. నిజమేనా?" పెద్దమనిషి మల్లయ్య అడిగాడు.

"నిజమే."

"ఎందుకు?"

"సాంచె ఖరాబయిందేమో. మెకానిక్‌ను పిలువుండ్రి," అన్నారెవరో వెనుక నుంచి.

అందరూ నవ్వారు. శ్రవణ్ చెవులు ఎర్రబడ్డాయి.

మూడు నెలలుగా తల్లి ఇంట్లో ఉంటున్న రాధిక లేచి నిలబడింది.

"నాకు పైసలొద్దు, పంచాయితొద్దు. గామె ఎవలు కాదని ఒక్క మాట అనుమను. ఇప్పుడే ఇంటికి పోత."

"ఇన్నవా? ఒక్క మాట అడుగుతున్నది పిల్ల. గామె ఉన్నదా, లేదా?"

'లేదు' అంటే, 'మరెందుకు' అని మళ్లీ అడుగుతారు. వెనుక వాళ్ల నవ్వు ఇంకా ఆగలేదు.

"ఉన్నది," అన్నాడు శ్రవణ్.

మల్లయ్య నమ్మలేదో ఏమో, అక్కడికక్కడే శ్రవణ్‌తోనే ఆమెకు ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించాడు.

"అమ్మా, నీకు శ్రవణ్‌కు ఏం సంబంధం?"

"ఆయనేమన్నడు?"

"ఉన్నదన్నడు."

"అయితే గదే రాసుకోండ్రి," అందామె.

"సిగ్గులేని ముండ," అంది శంకరవ్వ.

ఆ పూటే తెగదెంపులు రాశారు. వారం తిరక్కముందే శ్రవణ్ సాంచాల పనికని ముంబై దగ్గరి భీవండి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు అతని ఫోన్ నంబరు కూడా పనిచేయకుండా పోయింది.

రెండేళ్లు గడిచాయి. శంకరవ్వ కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ ఎన్ని పట్టీలు కట్టినా మానలేదు. షుగరన్నారు. కోరుట్లలో తనకు తెలిసిన డాక్టరున్నాడని చెల్లెలు కబురు పెడితే, రాధిక తల్లిని తీసుకుని వచ్చింది.

ఆస్పత్రిలో బల్ల మీద పక్కన కూర్చున్నామె రాధిక చెవి దగ్గరికి వంగింది. పేరు సమ్మక్కట, ధర్మపురి నుంచి నెలనెలా వస్తుందట.

"సూపెట్టుకునేది నీకా బిడ్డా?"

"మా అమ్మకు."

"మంచిగ. నీ అసొంటోళ్లయితే సిగ్గుపడి సగమే చెప్తరు. ఈ షుగరుతోని కొందరు మొగోళ్లకు పక్కమీద బలం పోతది. ఆడోళ్లకేమో మంట, నొప్పి. మొగడు దగ్గరికొస్తుంటెనే భయమైతది. మందులున్నయి, డాక్టరుకు చెప్పాలె గని. రూతమ్మ ఉన్నప్పుడైతే అడిగి మరీ చెప్పించేది."

"రూతమ్మ ఎవలు?"

"గా మూలకు కూసునేది. మన తీరు షుగరు మనిషే. కిడ్నీలు ఖరాబై మొన్న ఎండకాలంల పోయింది. నొప్పికి ఓర్వలేక దూరం పండుకుంటే, ఇంకెవన్నో మరిగిందని మొగడు ఇడిసిపెట్టిండు. ఇంకో సంసారం గట్ల కావద్దని ఆమె తండ్లాట."

శంకరవ్వ కాలి పట్టీ సర్దుకుంటోంది.

"ఒక్క సంసారం నిలవెట్టలేకపోతినని సచ్చేదాక ఏడ్సింది. సిరిసిల్ల పిలగాడు, శ్రవణని సాంచాలు నడిపేటోడు. ఊర్లె తెలిస్తే నవ్వుతరని ఇంత దూరమొచ్చి సూపెట్టుకునేటోడు. నా సంగతి నా పెండ్లానికి తప్ప ఎవలకు చెప్పద్దని ఆమెతోని ఒట్టేయించుకున్నడు."

రాధిక చేతిలో నీళ్ల సీసా పక్కకు ఒరిగింది. నీళ్లు చీర మీద పడుతున్నా ఆమె చూసుకోలేదు.

"మరి... పెండ్లానికెందుకు చెప్పలే?"

"ఆయనకు నోరు రాలే. నువ్వే అచ్చి చెప్పక్కా, ఆడిదాని మాట ఆడిది ఇంటది అని బతిమిలాడిండు. ఈమె సరేనన్నది."

లోపలి నుంచి సమ్మక్క పేరు పిలిచారు. ఆమె లేచి చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది.

శంకరవ్వ రెండు అరచేతులూ ఒళ్లో బోర్లించుకుంది.

"పోదామనే బయలెల్లింది బిడ్డా, సిరిసిల్ల బస్సు ఎక్కబోతుంటె బస్టాండుల ఎవతో ముసల్ది మొఖాన దుమ్ము కొట్టిందట."