వియ్యాలవారి కుక్క

"మీ ఆవిడ వియ్యాలవారి కుక్కకి చేపలు వండి పెడుతోందటగా అన్నా! మీ పక్కింటి పిన్ని మా ఇంట్లో చెప్పి బుగ్గలు నొక్కుకుందట," అన్నాడు మంగలి, కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూలబడుతూ.

దర్జీ కాలు ఆగిపోయింది. కాలరు మీద కుట్టు వానపాములా మెలికలు తిరిగింది.

"ఇంకేమందట?"

"నాకెందుకులే అన్నా... వేళాపాళా లేదట. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఒకరోజు దీపాలు పెట్టాక. మొన్నయితే కోడి కూయకముందే బయల్దేరిందట. కూతురు ఆ ఇంట్లో కుమిలిపోతుంటే తల్లి కుక్కని మేపుతోంది, సిగ్గుండక్కర్లా అందట. అన్నది ఆవిడే సుమా, నేను కాదు."

"ఆవిడకేం పని, నోరు ఊరుకోదు," అన్నాడు దర్జీ. కొన్నాళ్ళుగా ఇంట్లో చేప వాసన వస్తోంది. కంచంలోకి మాత్రం చేప రావడం లేదు.

మళ్ళీ మిషను తొక్కబోయాడు. దారం తెగింది. ఎక్కించబోతే సూది బెజ్జం దొరకలేదు. ఇక కుదురు లేక, కొట్టు తలుపు దగ్గరకేసి ఇంటిదారి పట్టాడు.

ఒక్కగానొక్క కూతురు. అల్లుడికి నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. పెద్దమనుషుల్ని పిలిస్తే కాఫీ తాగి, సర్దుకుపొమ్మన్నారు. స్టేషనుకి వెళితే ఇంటి గొడవ ఇంట్లోనే చూసుకోమన్నారు. ఆమధ్య ఓ తెల్లవారుజామున పిల్ల చప్పుడు కాకుండా గడియ తీసి, సంచీ పట్టుకుని గేటు దాకా వచ్చేసింది. తీసుకుపోదామని దర్జీ గోడ వారగా నిలబడ్డాడు. మరో నాలుగడుగులు వేస్తే బయటపడేదే. అంతలో ఆ నల్లకుక్క ఆయన మీదికి దూకి, ప్యాంటు పట్టుకుని, వీధి వీధంతా లేపేసింది. అల్లుడు పిల్లని జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయాడు. అప్పట్నుంచీ పిల్లకి ఫోను లేదు, గుమ్మం దిగడం లేదు. వంటింటి కిటికీలో మొహం కనబడితే అదే పదివేలు.

అలాంటి కుక్కకి చేపలా?

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఉడికించిన చేపని పళ్ళెంలో పరిచి, కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతూ ముళ్ళు ఏరుతోంది. ఏరిన చోటే మళ్ళీ తడుముతోంది. పక్కన చిదిమిన చిలగడదుంప, ఓ గుడ్డు, కాస్త బియ్యప్పిండి.

"ఉప్పేదీ?" అన్నాడు వెటకారంగా.

"కుక్కలకి ఉప్పు మంచిది కాదు. ఉల్లీ వెల్లుల్లీ అసలే పడవు."

"మొగుడికి ఏం పడుతుందో ఎప్పుడైనా కనుక్కున్నావా?"

"మొగుడికి ఏం పెట్టినా పడుతుంది. అందుకే కనుక్కోలేదు."

ముద్ద కలిపి, పలచగా ఒత్తి, గోరంత ముక్కలు కోసి పెనం మీద పేర్చింది. సన్నటి సెగ పెట్టి మూతేసింది. ఒకటి విరిచి చూసి, టప్పుమనేదాకా మళ్ళీ కాల్చింది. పెళ్ళివారికి కూడా ఇంత శ్రద్ధగా వండలేదు మహాతల్లి!

"ఎందుకే ఇదంతా? నాకు చెప్పవా?"

"మీ నోట్లో నువ్వుగింజ నానదు. వెళ్ళి మీ కాలరు కుట్టుకోండి."

డబ్బా చంకన పెట్టుకుని చెప్పులు వేసుకుంది. ఆయన కూడా కాస్త ఎడంగా వెనకే నడిచి, మలుపు దగ్గర కరెంటు స్తంభం చాటున నిలబడ్డాడు.

వియ్యపురాలు వరండాలోంచే పలకరించింది. "వచ్చావా వదినా! మా కుక్కకి నువ్వంటే ప్రాణమైపోయింది. నీ కూతురికి నీ గుణాల్లో సగం వచ్చినా బాగుండును."

ఆవిడ నవ్వింది! నవ్వి, డబ్బాలోంచి గుప్పెడు ముక్కలు తీసి, గేటు కటకటాల్లోంచి చెయ్యి లోపలికి పెట్టింది. నల్లకుక్క తోకాడిస్తూ వచ్చి, ముక్కలన్నీ నాకేసి, ఆ అరచేతిలోనే గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

కుర్చీలో కాళ్ళు చాపుకున్న అల్లుడు అన్నాడు: "ఇప్పటికైనా బుద్ధొచ్చింది అత్తయ్యా మీకు."

"తొందరంతా మీ మామయ్యగారిది బాబూ. ఆడపిల్ల అన్నాక సర్దుకోవద్దూ?"

దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది. వంటింటి కిటికీలో పిల్ల మొహం కనిపించింది. కంటి కింద నల్లగా కమిలి ఉంది. తల్లి ఒక్కసారి, ఒక్కసారైనా తలెత్తి అటు చూస్తుందేమోనని చూశాడు. చూడలేదు. కుక్క చెవి వెనక గోకుతూ కూర్చుంది. కాసేపటికి కిటికీలో మొహం పక్కకి తప్పుకుంది.

ఇంటికి వచ్చీ రాగానే డబ్బా లాక్కుని నేలకేసి కొట్టాడు. మిగిలిన ముక్కలు గదంతా చెల్లాచెదురయ్యాయి.

"ఆడపిల్ల సర్దుకోవాలా? ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందే? దాని పంటికి నా ప్యాంటు చిరిగితే కుట్టుకున్నాను. దాని నోటికి నా పిల్ల బతుకు చిరిగింది, అది ఎవరు కుడతారు? కన్నకూతురి వంక కన్నెత్తి చూడవు. పగవాడి కుక్కకి ముళ్ళు ఏరి తినిపిస్తావు! వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను. ఇన్నాళ్ళూ దాన్ని మేపి నువ్వు సాధించిందేమిటో చెప్పు!"

ఆవిడ వీధి తలుపు వేసి గడియ పెట్టింది. నేల మీద కూర్చుని, ముక్కలు ఒక్కొక్కటే ఏరి, ఊది, డబ్బాలో వేసుకుంది. మూత బిగించాక తలెత్తింది.

"నన్ను చూసి అది మొరగడం లేదు."